అలుపెరగని కాళ్లు, రెక్కలు

కర్ణాటక అంచున ఉన్న అత్తిబెలెలో బస్సు దిగి నాలుగడుగులు వేస్తే తమిళనాడు. రోడ్డు మీద లారీల రొద ఆగదు. కాస్త పక్కకు, ఊళ్లవైపు వెళ్తే హళ్లికార్ జాతి ఎద్దు కనిపిస్తుంది. ఒకసారి దగ్గరగా చూడండి. బూడిదరంగు ఒళ్లు, నొసటి నుంచి వెనక్కి సాగిన పొడవాటి కొమ్ములు, కోలమొహం, సన్నటి గట్టి కాళ్లు. గిట్ట రెండుగా చీలి ఉంటుంది కాబట్టి గుర్రానికి లాగా కాలికి ఒక లాడం చాలదు. చీలికకు ఒకటి చొప్పున ఒక్కో ఎద్దుకు 8, జతకు 16 కొట్టాలి.

దీనికి దగ్గరి చుట్టం అమృత మహల్ జాతి. మైసూరు రాజు చిక్కదేవరాజ ఒడెయరు కాలంలో ఈ మంద పేరు 'బెణ్ణె చావడి', అంటే వెన్న చావడి. పాడికోసం పెంచిన మందలోని ఎడ్లే హైదర్ అలీ ఫిరంగులు లాగాయి. చిదంబరాన్ని ఆదుకోవడానికి ఆయన సైన్యం రెండున్నర రోజుల్లో 100 మైళ్లు, అంటే దాదాపు 160 కిలోమీటర్లు, నడిచిందని మైసూరు చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. ఓడిన రోజున కూడా ఫిరంగుల్ని శత్రువుకు దక్కనివ్వకుండా లాక్కుపోయింది ఈ ఎడ్లేనట. అమృత మహల్ అన్న పేరు టిప్పు పెట్టింది. ఇక హళ్లికార్‌కు 2000లో తపాలా బిళ్ల గౌరవం దక్కింది.

మన ఒంగోలు గిత్త దమ్ము బండలాగుడు పందెంలో నిమిషాల్లో తెలిసిపోతుంది. హళ్లికార్ దమ్ము తెలియాలంటే పొద్దుగూకేదాకా దాని వెంట నడవాలి. నా ఓటు ఈ రెండో దమ్ముకే.

ఆ దమ్ముకు మంచుదేశపు జోడీ, మంచుబండి లాగే స్లెడ్జి కుక్క. 1925 చలికాలంలో అలాస్కాలోని నోమ్ పట్టణంలో పిల్లలకు డిఫ్తీరియా సోకింది. 20 మంది బండి తోలేవాళ్లు, సుమారు 150 కుక్కలు మందును చేతులు మార్చుకుంటూ 1,085 కిలోమీటర్లు అయిదున్నర రోజుల్లో చేర్చారు. న్యూయార్కు పార్కులో విగ్రహం వెలిసింది చివరి మజిలీ పరుగెత్తిన బాల్టోకు. అందరికంటే ఎక్కువ దూరం, అదీ గడ్డకట్టిన సముద్రం మీదుగా, బండిని నడిపించింది మాత్రం టోగో. అప్పటికి దాని వయసు 12 ఏళ్లు! ఆ పేరు ప్రతి పిల్లవాడికీ తెలియాలి.

ఈ కుక్కల కండల్లో ఒక విచిత్రం ఉంది. దూరపు పందెంలో మొదటి రోజున ఒంట్లో దాచుకున్న గ్లైకోజెన్ తరిగిపోతుంది. మనిషైతే అక్కడే డీలా పడతాడు. కుక్క మాత్రం రోజుకు 10,000 కేలరీలకు పైగా, ఎక్కువగా కొవ్వు, తింటూ దాన్నే కరిగించుకుని పరుగెడుతుంది. పరుగు ఆపకుండానే తరిగిన నిల్వ మళ్లీ పెరుగుతుంది.

దూరాలు నడవడంలో ఏనుగుల మాటకొస్తే, ఆంధ్రలో అవి కనుమరుగై దాదాపు రెండు వందల ఏళ్లయ్యాక, 1980లలో హోసూరు వైపు అడవుల నుంచి ఓ గుంపు చిత్తూరు జిల్లాకు నడిచి వచ్చింది. వాటికోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. కుప్పం, పలమనేరు రైతులకు వాటితో పంటనష్టం, ప్రాణభయం ఉన్నాయి, అది చిన్న బాధ కాదు.

అన్నిటికంటే నన్ను నిలబెట్టేసేది తూనీగ. వాన వెలిశాక రాగిచేల మీద గుంపుగా, వాలకుండా తిరిగే పసుపుపచ్చ తూనీగను చూసే ఉంటారు. బరువు గ్రాములో మూడో వంతైనా ఉండదు. మంచినీటి చెరువులు దాదాపు లేని మాల్దీవుల్లో ఏటా అక్టోబరులో ఇవి వేలాదిగా ఎక్కడివని వెతికిన జీవశాస్త్రవేత్త చార్లెస్ ఆండర్సన్, 2009లో జవాబు రాశారు: భారతదేశం నుంచి, సముద్రం దాటి ఆఫ్రికాకు పోతూ. పోయిరావడం 14,000 కిలోమీటర్ల పైమాటే. ఒక్క తూనీగ బతుకు అంతకు చాలదు. నాలుగు తరాలు పడుతుంది. మళ్లీ తొలకరికి మన చేల మీద తిరిగేవి, వెళ్లినవాటి మునిమనవలు.