నీలి పట్టీ, బంగారు పట్టీ



మా సాయంకాలపు తెలుగు తరగతిలో ఒకనాడు పిల్లలకు ఒక పాత ఛాయాచిత్రం చూపించాను. 1945లో స్కాట్లాండులోని రొసైత్ నౌకాస్థావరంలో తీసిన చిత్రమది. అందులో ఇద్దరు అధికారిణులున్నారు. ఒకరు మార్గరెట్ కూపర్. రెండవవారు చీర కట్టుకున్న కల్యాణీ సేన్.

"చీర కట్టుకుని ఓడ నడిపారా, టీచర్?" అని ఒక అమ్మాయి అడిగింది.

లేదు. అప్పట్లో వారిని ఓడ ఎక్కనివ్వలేదు. ఆ సంగతి వారి యూనిఫారమే చెబుతుంది.

బ్రిటిష్ నౌకాదళానికి తోడుగా 1917లో ఒక మహిళా విభాగం ఏర్పడింది. మొదటి యుద్ధం ముగియగానే, 1919లో దానిని రద్దు చేశారు. 1939లో మళ్ళీ యుద్ధం రాగానే మళ్ళీ పిలిచారు. 1944 నాటికి అందులో సుమారు 74,000 మంది స్త్రీలున్నారు. పురుష అధికారుల చేతి అంచున హోదాను తెలిపే పట్టీలు బంగారు రంగువి. స్త్రీలవి నీలి రంగువి. అంటే, పని నౌకాదళానిదే గాని, వారు పూర్తిగా నౌకాదళం వారు కారని అర్థం.

అదే పద్ధతిలో 1944లో భారతదేశంలో కూడా ఒక మహిళా నౌకా విభాగం ఏర్పడింది. కల్యాణీ సేన్ అందులో సెకండ్ ఆఫీసరు. శిక్షణ పద్ధతులు పరిశీలించడానికి బ్రిటన్ వెళ్ళారు. సైనిక సేవలో ఉంటూ ఆ దేశం వెళ్ళిన మొదటి భారతీయ వనిత ఆమె. కాని యుద్ధం అయిపోయాక ఆ విభాగమూ నిలవలేదు.

తరువాత మార్పు నెమ్మదిగా వచ్చింది. 1990లో బ్రిటిష్ మహిళలు యుద్ధనౌక ఎక్కారు. 1993లో వారి ప్రత్యేక విభాగం నౌకాదళంలో కలిసిపోయి, నీలి పట్టీ పోయి బంగారు పట్టీ వచ్చింది. భారత నౌకాదళం 1992లో మహిళా అధికారులను తీసుకోవడం ప్రారంభించింది. పురుషులతో సమానంగా శాశ్వత ఉద్యోగానికి వారు అర్హులని సుప్రీంకోర్టు 2020లో తీర్పు చెప్పింది. 2023 మార్చిలో 273 మంది యువతులు నావికులుగా శిక్షణ పూర్తి చేశారు.

ఈ కథకు మన మారిషస్‌తో కూడా సంబంధముంది. 2017 సెప్టెంబరులో ఆరుగురు నౌకాదళ అధికారిణులు 'తారిణి' అనే చిన్న తెరచాప నావలో గోవా నుండి భూమిని చుట్టి రావడానికి బయలుదేరారు. వారిలో విశాఖపట్నానికి చెందిన స్వాతి, హైదరాబాదుకు చెందిన ఐశ్వర్య మన తెలుగు ఆడపడుచులే. 2018లో తిరుగు ప్రయాణంలో చుక్కాని యంత్రం చెడిపోగా, మరమ్మతు కోసం నావ మన పోర్ట్ లూయీ రేవుకే వచ్చింది. మే 21న వారు క్షేమంగా గోవా చేరారు.

ఒకప్పుడు మన ముత్తవ్వలు కోరంగి రేవులో ఓడ ఎక్కి ఇదే రేవులో దిగారు. ఆ ఓడను నడిపినవారు వేరే. ఈ నావను నడిపినవారు మన ఆడపిల్లలే.

నీలి పట్టీతో ఒడ్డున నిలిచిపోయిన ఆనాటి స్త్రీలకు నా పాఠాలలో ఇన్నేళ్ళూ చోటివ్వలేదు. అది నా లోపమే. ఇప్పుడు ఆ చిత్రం మా తరగతి గోడమీద ఉంది. మీ ఇంటి ఆడపిల్లలకు కూడా వారి కథ చెప్పండి. వారికి మనం చేయగల సన్మానం అదే.