శ్వాసనాళాలను మూసివేసే క్యాన్సర్‌కు అంతర్గత రేడియేషన్ చికిత్స

ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరి శ్వాసనాళంలోనికి పెరిగినపుడు రోగికి ఆయాసం, ఎడతెగని దగ్గు, కఫంలో రక్తం కనిపిస్తాయి. నాళం మూసుకుపోతే ఆవలి భాగానికి గాలి అందదు; న్యుమోనియా మళ్ళీ మళ్ళీ వస్తుంది. వ్యాధిని పూర్తిగా నయం చేయలేని ఈ దశలో శ్వాసను సులభతరం చేసే మార్గాలలో ఎండోబ్రాంకియల్ బ్రాకీథెరపీ ఒకటి.

చికిత్స విధానం: బ్రాంకోస్కోపు సహాయంతో సన్నని గొట్టాన్ని కణితి ఉన్న చోటికి చేర్చుతారు. ఎక్స్‌రే లేదా సి.టి. స్కాన్‌తో స్థానాన్ని నిర్ధారించుకొన్న పిదప, తీగ కొనన అమర్చిన ఇరీడియం-192 గుళికను యంత్రం గొట్టంలోనికి పంపుతుంది. గుళిక నుండి దూరం పెరిగేకొద్దీ కిరణాల తీవ్రత వేగంగా తగ్గుతుంది. అందువలన కణితికి అధిక మోతాదు, చుట్టూ ఉన్న భాగాలకు తక్కువ మోతాదు అందుతుంది. కొన్ని నిమిషాలలో గుళిక తిరిగి యంత్రంలోనికి చేరుతుంది. రోగి శరీరంలో రేడియోధార్మికత మిగలదు కనుక కుటుంబ సభ్యులు దగ్గర ఉండేందుకు భయపడనవసరం లేదు.

పరిమితులు: బయటి నుండి ఇచ్చే రేడియేషన్ ఒక్కటే, ఈ చికిత్స ఒక్కదానికంటే ఉపశమనానికి మెరుగని 2012లో వెలువడిన కోక్రేన్ సమీక్ష తేల్చింది. లోగడ బయటి రేడియేషన్ పొంది, మరల నాళం మూసుకుపోతున్నవారికి ఇది ఉపయుక్తం. తీవ్ర రక్తస్రావం, నాళం కుంచించుకుపోవడం వంటి ప్రమాదాలు లేకపోలేదు. ఊపిరి ఆగిపోయే అత్యవసర స్థితిలో స్టెంటు, లేజరు వంటి తక్షణ మార్గాలే ముందు అవసరమవుతాయి.

మేడ్చల్, శామీర్‌పేట పరిసరాల రోగులకు: దగ్గు, రక్తం పడటం క్షయ లక్షణాలు కూడా కావడంతో క్యాన్సర్ గుర్తింపు ఆలస్యమయ్యే అవకాశం ఉంది. క్షయ మందులతో గుణం కనిపించనివారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులు జాప్యం లేకుండా పై ఆసుపత్రికి పంపాలి. 1955లో నెలకొల్పబడిన ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో ఉన్నది. బ్రాంకోస్కోపీ, బ్రాకీథెరపీ సౌకర్యాలు రెండూ ఉన్నచోటనే ఈ చికిత్స సాధ్యం కనుక, ఆయాసపడే రోగిని ఊరూరా తిప్పకుండా ముందుగా ఫోనులో విచారించుకోవడం మేలు. హఠాత్తుగా రక్తం అధికంగా పడినా, ఊపిరి అందకపోయినా 2005లో ప్రారంభమైన 108 సేవను పిలవాలి. ఆ సేవల సంస్థ కేంద్ర కార్యాలయం మేడ్చల్ రహదారిపై దేవరయాంజాల్‌లోనే ఉన్నది.

ఈ చికిత్సను క్యాన్సర్‌ను నయం చేసే కొత్త విధానంగా వర్ణించడం సరికాదు. మిగిలిన కాలంలో రోగి పడుకొని నిద్రించగలగడం, నాలుగు మాటలు మాట్లాడగలగడం దీని లక్ష్యం. ఈ విషయాన్ని చికిత్సకు ముందే రోగికి, కుటుంబానికి స్పష్టంగా వివరించాలి.