ఉలి జారితే దుంగ దండగ

బొబ్బిలి: పక్కనే ఉన్న గొల్లపల్లిలో వీణ పని నేర్వాలంటే ముందు చేతికి నిదానం రావాలి. ఏకాండి వీణకు కుండ, దండి అన్నీ ఒకే పనస దుంగలోంచి రావలసిందే. కుండ తొలిచేటప్పుడు ఉలి కాస్త లోతుగా దిగిందా, చిల్లు పడినట్టే. అతుకు వేద్దామంటే అది ఏకాండి ఎలా అవుతుంది?

అసలు పరీక్ష మెట్ల దగ్గర. నల్లటి మైనం మీద 24 మెట్లనూ ఒక్కొక్కటిగా శ్రుతి చూసి నిలపాలి. వెంట్రుకవాసి జరిగినా స్వరం తప్పుతుంది. చెక్కడం చూసి నేర్చుకోవచ్చు గాని, చెవి కుదరడానికి ఏళ్లు పడుతుంది. అన్నాళ్లు చాలీచాలని కూలితో ఎవరు కూర్చుంటారు? బహుమతులకిచ్చే చిన్న వీణలు త్వరగా తయారవుతాయి, అమ్ముడూ పోతాయి. వాటికి శ్రుతితో పనిలేదు.