ఎరువుల దుకాణాల్లో డిజిటల్ చెల్లింపుల భద్రత: దేవరకొండ ప్రాంత డీలర్లు ఎంచుకోదగిన పద్ధతులు

నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంతంలో వానాకాలపు సాగు అధిక భాగం తొలకరిపైనే ఆధారపడి ఉన్నది. చెలక నేలలు తడిసిన మరునాడే పత్తి గింజ పెట్టాలన్న తొందరతో చందంపేట, నేరేడుగొమ్ము, డిండి మండలాల గ్రామాల నుండి, తండాల నుండి రైతులు ఒక్కసారిగా పట్టణంలోని విత్తన, ఎరువుల దుకాణాలకు చేరుకుంటారు. ఆ రద్దీలో డీలరు ఒక చేత్తో బస్తాలు లెక్కిస్తూ, మరొక చేత్తో బిల్లు తీస్తూ, ఎదుటివారు చూపిన ఫోను తెరను ఒక్క క్షణం చూసి తల ఊపుతాడు. డిజిటల్ చెల్లింపులలో జరిగే నష్టాలకు ఎక్కువగా ఆ ఒక్క క్షణమే కారణమగుచున్నది.

ఈ నష్టం ఎంత బరువైనదో యూరియా లెక్కతో తెలుసుకొనవచ్చును. 45 కిలోల బస్తా గరిష్ఠ చిల్లర ధర 266.50 రూపాయలు. 2018 ఏప్రిల్ నుండి డీలరుకు టన్నుకు 354 రూపాయల మార్జిన్ నిర్ణయించబడినది, అనగా బస్తాకు సుమారు 16 రూపాయలు. నాలుగు బస్తాలకు రావలసిన 1,066 రూపాయలు నకిలీ చెల్లింపు వలన పోయినచో, దానిని పూడ్చుకొనుటకు మరో 67 బస్తాలు అమ్మవలసి ఉంటుంది. హమాలీ, అద్దె, ఉద్దెర మీద నిలిచిపోయిన సొమ్ము ఈ లెక్కలో చేరలేదు.

2016 ఏప్రిల్‌లో యూపీఐ ప్రారంభమై, అదే ఏడాది నవంబరులో పెద్ద నోట్ల రద్దు జరిగిన తరువాత చిన్న దుకాణాలకు సైతం క్యూఆర్ కోడ్ చేరినది. 2020 జనవరి 1 నుండి యూపీఐ చెల్లింపులపై వ్యాపారి చెల్లించవలసిన మర్చంట్ డిస్కౌంట్ రేటు కూడా రద్దయినది. ఖర్చు లేని సౌకర్యము కనుక దానికి కాపలా కూడా అక్కరలేదన్న భావన డీలర్లలో ఏర్పడినది. భద్రత అనగానే సీసీ కెమెరా, స్వైపింగ్ యంత్రం గుర్తుకు వస్తాయి. కార్డు పట్టుకొని వచ్చే రైతులు అరుదైన చోట స్వైపింగ్ యంత్రానికి అద్దె కట్టుట వృథా. కెమెరా దొంగతనాన్ని పట్టిస్తుందేమో గాని, డబ్బు ఖాతాలో పడినదీ లేనిదీ చెప్పదు.

మొదట ఎంచుకొనవలసిన జాగ్రత్త అతి సామాన్యమైనది: చెల్లింపునకు రుజువు కొనుగోలుదారు ఫోనులో గాక డీలరు వద్దనే ఉండవలెను. చెల్లింపు జరిగినట్లు అచ్చంగా అదే రంగులో, అదే గుర్తుతో తెర చూపించే నకిలీ యాప్‌లు ఉన్నవి. పాత స్క్రీన్‌షాట్‌పై తేదీ మార్చుట కూడా కష్టము కాదు. సౌండ్ బాక్స్ తెలుగులో మొత్తాన్ని పలుకుతుంది గనుక బస్తాలు ఎత్తుతున్నవారికి సైతం వినబడుతుంది. నెలవారీ అద్దె భారమైనను రద్దీ ఉన్న దుకాణానికి ఇది తగిన పెట్టుబడి. సిగ్నల్ లేనప్పుడు అది మౌనంగా ఉండిపోతుంది. అప్పుడు డీలరు తన యాప్‌లోని లావాదేవీల పట్టికను తెరచి, 12 అంకెల లావాదేవీ సంఖ్యను సరిచూచుకొనవలెను. ఫోనుకు వచ్చిన సంక్షిప్త సందేశం ఒక్కదానినే నమ్మరాదు, దానిని ఎవరైనను పంపవచ్చును.

ఎరువుల దుకాణానికి ప్రత్యేకమైన విషయం ఒకటి కలదు. 2018 నుండి సబ్సిడీ ఎరువులు పీఓఎస్ యంత్రంపై ఆధార్ ధ్రువీకరణతో అమ్మబడుతున్నవి. వేలిముద్ర పడి బిల్లు వచ్చిన వెంటనే యంత్రంలో నిల్వ తగ్గిపోతుంది. ఆ తరువాత చెల్లింపు జరగలేదని తేలినచో సరుకూ పోయినట్లే, లెక్కా తప్పినట్లే. కావున చెల్లింపు నిర్ధారణ ముందు, వేలిముద్ర తరువాత అన్న వరుసను సహాయకులకు మొదటి రోజే నేర్పవలెను.

వేలిముద్ర విషయంలో రైతుకు కూడా భద్రత అవసరము. అదే వేలు ఆధార్ ఆధారిత చెల్లింపు విధానంలో పిన్ లేకుండానే బ్యాంకు నుండి నగదు తీయగలదు. రిజిస్ట్రేషన్ పత్రాలపై ఉన్న వేలిముద్రల నుండి అచ్చులు తయారుచేసి సిమ్ కార్డులు క్రియాశీలం చేసిన ఉదంతం 2018లో పెద్దపల్లి జిల్లాలో బయటపడినది. ఎరువుల విక్రయమూ నగదు ఉపసంహరణ సేవా ఒకే గదిలో నడుస్తున్నచో, ఏ యంత్రంపై ఎందుకు వేలు పెడుతున్నదీ రైతుకు చెప్పి, ప్రతిసారీ రసీదు ఇచ్చుట డీలరు బాధ్యత.

క్యూఆర్ కోడ్‌ను షట్టరు బయట అతికించరాదు. దానిపై మరొకరి కోడ్ అంటించినచో సాయంత్రం లెక్క చూచుకొనువరకు తెలియదు. కౌంటరు లోపల ఉంచి, ప్రతి ఉదయం తన ఫోనుతోనే స్కాన్ చేసి పేరు సరిచూచుకొనవలెను. డబ్బు పుచ్చుకొనుటకు పిన్ ఎన్నడూ అవసరము లేదు. వ్యక్తుల మధ్య డబ్బు కోరే అభ్యర్థనలు 2025 అక్టోబరు 1 నుండి నిలిపివేయబడినను, అధికారులమని, ఆర్డరు ఇస్తామని ఫోను చేసి పిన్ నొక్కించే ప్రయత్నాలు ఆగవు.

డీలర్లు అంతగా ఆలోచించని ప్రమాదం ఖాతా స్తంభన. మోసపు సొమ్ముతో ఎవరైనా సరుకు కొన్నచో, ఆ డబ్బు దారిని వెంబడించే పోలీసులు దుకాణం ఖాతాను కూడా నిలిపివేయవచ్చును. సీజను మధ్యలో ఇది జరిగినచో డిస్ట్రిబ్యూటరుకు చెల్లింపు ఆగి, సరుకు రాక నిలిచిపోతుంది. అందుచేత క్యూఆర్ వసూళ్లకు ఒక ఖాతా, కంపెనీ చెల్లింపులకు మరొక ఖాతా ఉంచుకొని, వసూళ్లను రోజూ రెండవ దానికి మార్చుకొనుట మేలు. తేదీల వారీగా బిల్లులు భద్రపరచినచో అది న్యాయమైన అమ్మకమేనని నిరూపించుట సులభమగును. రోజువారీ మార్పిడి కొంత శ్రమతో కూడినదే అయినను, ఈ జాగ్రత్తను సౌండ్ బాక్స్ కంటె ముందు పెట్టినను తప్పులేదు.

బ్యాంకు ఎంతవరకు ఆదుకొంటుందన్నది కూడా తెలిసి ఉండవలెను. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న జారీచేసిన ఉత్తర్వు ప్రకారం, తన తప్పు గాని బ్యాంకు తప్పు గాని లేకుండా ఖాతా నుండి అనధికారంగా సొమ్ము పోయినచో, బ్యాంకు సమాచారం అందిన మూడు పనిదినాల్లో తెలియజేసిన ఖాతాదారునికి నష్టం ఉండదు. నాలుగు నుండి ఏడు దినాల్లో తెలియజేసినచో చిన్న సంస్థల కరెంటు ఖాతాకు గరిష్ఠ భారం 10,000 రూపాయలు. పిన్ తానే చెప్పినచో, ఫిర్యాదు చేయువరకు జరిగిన నష్టమంతా తనదే. నకిలీ స్క్రీన్‌షాట్ మోసానికి ఈ రక్షణ వర్తించదు, ఏలననగా అక్కడ ఖాతా నుండి పైసా కూడా పోలేదు, సరుకు పోయినది. అది పోలీసు ఠాణాలో ఫిర్యాదు చేయవలసిన మోసం. ఖాతా నుండి సొమ్ము పోయినట్లు తెలిసిన క్షణమే 1930కు ఫోను చేయవలెను. ఆ సంఖ్యను, బ్యాంకు సంఖ్యను తూకం పక్కనున్న గోడపై పెద్ద అక్షరాలతో వ్రాయించి ఉంచినచో, యజమాని ఊళ్లో లేనప్పుడు కూడా గుమాస్తా వెతుక్కొనవలసిన పని ఉండదు.