మురుగు పంపు ఆగిపోతే గుంతలోకి మనిషిని దించవద్దు

చెన్నై పాత పేటల్లో ఏళ్ల తరబడి రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోయారు. దాంతో మన పాత ఇళ్లలో చాలావాటి గడపలు రోడ్డుకంటే పల్లంలో పడ్డాయి. ఐప్పసి, కార్తీక మాసాల వానలకు వీధి మురుగు గొట్టం నిండితే, నీరు మ్యాన్‌హోల్‌లో రోడ్డు మట్టం దాకా లేస్తుంది. అప్పుడు పల్లంలో ఉన్న స్నానాల గదిలోకి మురుగు ఎదురు తంతుంది. ఇలాంటి ఇళ్లకూ, నేల కింద గదులున్న అపార్ట్‌మెంట్లకూ మురుగు పంపు తప్పనిసరి.

అది పనిచేసే తీరు తేలికే. ఇంట్లోని మురుగంతా వాలుమీద ఒక గుంతలోకి చేరుతుంది. మంచినీళ్ల సంప్ వేరు, ఇది వేరు. రెండూ దూరంగా ఉండాలి. గుంతలో మట్టం పెరిగితే ఫ్లోట్ స్విచ్ పైకి తేలి మోటారును నడిపిస్తుంది. పంపు లోపలి చక్రం గిర్రున తిరిగి మురుగును గొట్టం గుండా పైకి తోస్తుంది. గొట్టం రోడ్డు మట్టానికి పైగా వెళ్లి, అక్కడి నుంచి వీధి లైన్‌లోకి దిగుతుంది. తోసిన మురుగు వెనక్కి రాకుండా నాన్ రిటర్న్ వాల్వ్ ఆపుతుంది. మట్టం తగ్గగానే ఫ్లోట్ కిందికి వాలి మోటారు ఆగుతుంది. గుంతలో పుట్టే వాయువులు మేడపైకి పోవడానికి వేరే గొట్టం ఉండాలి.

నగరం చేసేదీ ఇదే పని. చెన్నై నేల చదునుగా ఉంటుంది కాబట్టి మెట్రో వాటర్ సంస్థ పంపింగ్ స్టేషన్ల ద్వారా మురుగును తోడి కొడుంగైయూర్, కోయంబేడు, నెసపాక్కం, పెరుంగుడి శుద్ధి కేంద్రాలకు పంపుతుంది.

పంపు చెడేది ఎక్కువగా మన చేతులమీదే. గుడ్డపీలికలు, శానిటరీ ప్యాడ్లు చక్రానికి చుట్టుకుంటాయి. వంటనూనె జిడ్డు పేరుకుంటే ఫ్లోట్ ఇరుక్కుపోతుంది. మేడమీది వాననీటి గొట్టాన్ని ఈ గుంతకు కలిపితే ఒక్క పెద్ద వానకే పంపు చేతులెత్తేస్తుంది. కరెంటు పోయినప్పుడు పై అంతస్తులవాళ్లు కూడా నీళ్లు పొదుపుగా వాడాలి, వాళ్లు పోసిన నీళ్లూ ఆ గుంతలోకే వస్తాయి.

అసలు ప్రమాదం పంపు ఆగినప్పుడు మొదలవుతుంది. "ఒక మనిషిని దించితే అరగంటలో అయిపోతుంది" అనే మాట మనం వినే ఉంటాం. గుంత అడుగున హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. అది గాలికంటే బరువైనది. మోతాదు ఎక్కువైతే ముక్కుకు వాసన తెలిసే శక్తే పోతుంది. దిగినవాడు కూలిపోతాడు, కాపాడటానికి దిగిన రెండోవాడూ కూలిపోతాడు. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని ఇలా దించడాన్ని 2013 కేంద్ర చట్టం నిషేధించింది. మొదటి తప్పుకే 2 ఏళ్ల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఈ నగరపు మురుగు ఎత్తేవాళ్లలో తరాల క్రితం ఇక్కడికి వచ్చిన తెలుగు కుటుంబాలవాళ్లు ఎందరో ఉన్నారు. ఈ పనికి వ్యతిరేకంగా పోరాడి 2016లో మెగసెసే అవార్డు అందుకున్న బెజవాడ విల్సన్ కూడా కోలారు బంగారు గనుల్లోని తెలుగు ఇంటి బిడ్డే.

కాబట్టి వానలకు ముందే ప్లంబరును పిలిచి మూడు పనులు చేయించుకుందాం. పంపును గొలుసు పట్టి పైనుంచే లాగేలా పట్టాలమీద నిలబెట్టించాలి. మట్టం దాటితే మోగే గంట పెట్టించాలి. వీలైతే రెండో పంపు ఉంచాలి. గుంత శుభ్రం చేయాల్సి వస్తే పీల్చే యంత్రమున్న లారీనే పిలవాలి. మనిషి గుంతలోకి దిగే అవసరమే రాకూడదు.