చిప్పుల ఫ్యాక్టరీకి నియాన్ ఎక్కడిది?

2022 ఫిబ్రవరిలో రష్యా సేనలు యుక్రెయిన్‌లోకి చొరబడగానే చిప్పుల కంపెనీలను కలవరపెట్టింది ఒక వాయువు: నియాన్. చిప్పుల తయారీకి పనికొచ్చేంత శుద్ధమైన నియాన్‌లో దాదాపు సగం అప్పట్లో ఆ దేశంలోని రెండు కంపెనీలదే. మరియుపోల్‌లో ఇంగాస్, ఒడెసాలో క్రయోయిన్. రెండూ మూతపడ్డాయి.

ఎర్రగా వెలిగే దుకాణాల బోర్డుల్లో ఉండే ఈ వాయువుతో చిప్పుకేం పని? సిలికాన్ వేఫర్ మీద సర్క్యూట్లను కాంతితో అచ్చు వేస్తారు. గీత సన్నగా పడాలంటే కాంతి తరంగం పొట్టిగా ఉండాలి. 193 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని ఆర్గాన్, ఫ్లోరిన్‌లతో నడిచే లేజర్ ఇస్తుంది. మామూలుగా ఆర్గాన్ దేనితోనూ కలవదు. అధిక వోల్టేజి విద్యుత్తు పారినప్పుడు మాత్రం క్షణంలో అతి స్వల్ప భాగం పాటు ఫ్లోరిన్‌తో జతకట్టి విడిపోతుంది. విడిపోయేటప్పుడు వెలువడేదే ఆ కాంతి. అయితే ఆ లేజర్‌లో ఈ రెండూ ఉండేది పిసరంత. నూటికి 95 పాళ్లకు పైగా నియానే. తాను మారకుండా ఆ జత కుదరడానికి తోడ్పడుతుంది. ఫ్లోరిన్ లోపలి భాగాలను తింటూ మలినాలు పుట్టిస్తుంది కాబట్టి వాయువును ఎప్పటికప్పుడు మార్చాల్సిందే.

నియాన్ మనం పీల్చే గాలిలోనే ఉంది. కాకపోతే పది లక్షల పాళ్లలో 18 పాళ్లే. దానికోసమే గాలిని ద్రవంగా మారిస్తే ఖర్చు గిట్టదు. ఉక్కు కర్మాగారాలు ఆక్సిజన్ కోసం ఆ పని ఎలాగూ చేస్తాయి. ఆక్సిజన్ మైనస్ 183 డిగ్రీల దగ్గర, నైట్రోజన్ మైనస్ 196 దగ్గర ద్రవమవుతాయి. నియాన్‌కి మైనస్ 246 దాకా వెళ్లాలి. అందుకే అది హీలియంతో కలిసి, గాలిని విడదీసే స్తంభం పైభాగాన వాయువుగానే మిగిలిపోతుంది. అక్కడ పట్టుకుంటే సరుకు, వదిలేస్తే మళ్లీ గాలిపాలు. సోవియట్ కాలం నాటి పెద్ద ఉక్కు కర్మాగారాలు పట్టుకున్నాయి.

2014లో రష్యా క్రిమియాను కలుపుకున్నప్పుడే నియాన్ ధర కొన్ని రెట్లు పెరిగింది. ఆ దెబ్బతో కంపెనీలు నిల్వలు పెంచాయి, వాడిన వాయువును శుద్ధి చేసి తిరిగి వాడటం మొదలుపెట్టాయి. దక్షిణ కొరియాలో పోస్కో తన గ్వాంగ్‌యాంగ్ ఉక్కు కర్మాగారంలోనే నియాన్ తయారీకి దిగింది. 2022లో ధరలు మండిపోయినా చిప్పుల ఉత్పత్తి ఆగిపోలేదంటే ఈ ముందుచూపు కూడా ఒక కారణం.

గుజరాత్‌లోని ధొలేరాలో టాటాలు 91,000 కోట్ల రూపాయలతో తలపెట్టిన ఫ్యాక్టరీ 28 నానోమీటర్ల చిప్పులు చేయాలన్నా ఈ 193 నానోమీటర్ల కాంతే కావాలి. ఫ్యాక్టరీ కడితే చిప్పు మనదైపోతుందన్న ధీమా నాకు లేదు. వాయువు దిగుమతి ఆగితే ఎంత ఖరీదైన యంత్రమైనా ఊరికే ఉండాల్సిందే. విశాఖ ఉక్కు కర్మాగారంలో ఆక్సిజన్ ప్లాంట్లున్నాయి. 2021 ఏప్రిల్‌లో ద్రవ ఆక్సిజన్‌తో తొలి ‘ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్’ రైలు మహారాష్ట్రకు కదిలింది అక్కణ్ణుంచే. ఇకమీదట దేశంలో ఉక్కు కోసం కట్టే పెద్ద ఆక్సిజన్ ప్లాంట్లలో నియాన్ పట్టే ఏర్పాటును డిజైన్‌లోనే చేర్చాలి. ప్రభుత్వం ఫ్యాక్టరీలకిచ్చే రాయితీల్లో కొంత దీనికీ కేటాయించాలి.