మీకు తెలుసా? పీఎల్‌సీల గుట్టు

కార్ఖానాలో మోటార్లను, వాల్వులను నడిపించేది పీఎల్‌సీ. అది కంట్రోల్ రూమ్‌లోని కంప్యూటర్‌తో మాట్లాడే పద్ధతే ప్రోటోకాల్. ఈ పద్ధతిని చాలా కంపెనీలు గుట్టుగా ఉంచుకుంటాయి. కారణం తెలిసిందే: మెషీన్‌తోపాటు సాఫ్ట్‌వేర్ కూడా తమ దగ్గరే కొనాలి, లైసెన్సు ఫీజు కడుతూనే ఉండాలి.

ఇందుకు భిన్నంగా, అమెరికాకు చెందిన మోడికాన్ 1979లో తన పీఎల్‌సీల కోసం తయారుచేసిన మోడ్‌బస్ వివరాలను అందరి ముందూ పెట్టింది. ఈనాటికీ ఎనర్జీ మీటర్లలో, సోలార్ ఇన్వర్టర్లలో అదే నడుస్తోంది. ఒక మామూలు ప్రశ్న ఇలా ఉంటుంది: 01 03 00 00 00 02. అంటే ‘1వ నంబరు పరికరమా, సున్నా చిరునామా నుంచి రెండు రిజిస్టర్లు (విలువలు ఉండే గళ్లు) చదివి చెప్పు’ అని. చివర తప్పులు పట్టడానికి మరో రెండు బైట్లు. అంతే!

సీమెన్స్ ఎస్7 పీఎల్‌సీల సంగతి వేరు. వాటి ప్రోటోకాల్ వివరాలను కంపెనీ ప్రచురించలేదు. అయినా స్నాప్7 అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీతో వాటి నుంచి డేటా చదవొచ్చు, రాయొచ్చు. మూసిపెట్టిన ప్రోటోకాల్ గుట్టు విప్పే పని ఎక్కువగా కేబుల్ దగ్గరే మొదలవుతుంది. కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఒక విలువను 5 నుంచి 6కి మారుస్తారు. వైర్‌షార్క్ లాంటి టూల్‌తో, పోయే బైట్లలో ఏది మారిందో చూస్తారు. ఇలా ఒక్కో బైటుకీ అర్థం రాసుకుంటూ పోవడమే. ఓపికున్నవాళ్ల పని.

మరి ఇది దొంగతనం కాదా? మన కాపీరైట్ చట్టంలోని సెక్షన్ 52(1)(ఏబీ) చూడండి. స్వతంత్రంగా రాసిన ప్రోగ్రామును ఇతర ప్రోగ్రాములతో కలిపి పనిచేయించడానికి కావలసిన సమాచారం మరోచోట సులువుగా దొరకనప్పుడు, దాన్ని రాబట్టుకోవడం కాపీరైట్ ఉల్లంఘన కాదంటుంది. 1999 సవరణతో వచ్చిన వెసులుబాటు ఇది. యూరప్‌లో 1991 నుంచే ఇలాంటి నియమం ఉంది.

గుట్టు విప్పితే పని అయిపోయినట్టు కాదు. ఎస్7-1500 పీఎల్‌సీలో పుట్/గెట్ అనే అనుమతి మొదట ఆపేసి ఉంటుంది. అది ఆన్ చేసి, డేటా బ్లాకుకు ‘ఆప్టిమైజ్డ్’ టిక్కు తీసేస్తే తప్ప స్నాప్7 ఆ బ్లాకును చదవలేదు. ఆ అనుమతి ఇస్తే భద్రత కొంత సడలుతుంది, కాబట్టి ఆపి ఉంచినందుకు కంపెనీని తప్పు పట్టడానికి లేదు. ఇక బెకాఫ్ కంపెనీ అయితే తన ఏడీఎస్ ప్రోటోకాల్‌కు తానే ఓపెన్ సోర్స్ లైబ్రరీ రాసి ఇచ్చింది. అమ్మకాలకు అదేమీ అడ్డు కాలేదు.

ఇంకో తమాషా. ప్రోటోకాల్ తెలిసినా, ఏ రిజిస్టర్‌లో ఏముందో చెప్పే పట్టిక లేకపోతే చీకట్లో వెతుకులాటే. 230 వోల్టులను దశాంశ సంఖ్యగా పంపే మీటరు 17254, 0 అని రెండు రిజిస్టర్లు ఇస్తుంది. ఏది ముందో మోడ్‌బస్ చెప్పదు, మీటరు తయారీదారు ఇష్టం. తిరగేసి చదివారా, స్క్రీన్ మీద వోల్టేజి సున్నా! కరెంటు లేదనుకుని ఎవరైనా లైన్ ముట్టుకుంటే? పట్టికలో 40001 అని రాసి ఉన్నది వైర్ మీద సున్నా చిరునామా కావడం మరో చిక్కు. కొత్తగా చేరిన ఇంజినీర్లు ఇక్కడే బోల్తా పడతారు.

మీ యూనిట్‌కి మెషీన్ కొంటున్నారా? రిజిస్టర్ పట్టిక, ప్రోటోకాల్ పత్రాలు కూడా ఇవ్వాలని పర్చేజ్ ఆర్డర్‌లోనే రాయించండి. డబ్బు చేతులు మారాక అడిగితే ఎవరూ పలకరు.